రెండింతల స్పీడులో నానమ్మ

పోయిన నెల మా ఇంటికొచ్చిన గ్యాస్ బండ వచ్చినట్టే వెనక్కి వెళ్లిపోయింది. ఇంట్లో మనిషి లేక కాదు. పందొమ్మిదేళ్ల మా అబ్బాయి హాల్లో సోఫాలోనే ఉన్నాడు. గ్యాస్ కనెక్షన్‌కి ఇచ్చిన నంబరు కూడా వాడిదే. బండ తెచ్చినతను కింద గేటు దగ్గర నిలబడి మూడుసార్లు ఫోన్ చేశాడు. మావాడు చేతిలో మోగుతున్న ఫోన్‌ని అలా చూస్తూ కూర్చున్నాడు. ఎత్తలేదు, కట్ చేయలేదు. మోత ఆగాక, ఆపిన రీల్‌ని ఆపిన చోటు నుంచే మళ్లీ చూసుకున్నాడు. మూడోసారి అయ్యాక ఆ నంబరుకు 'ఎవరు?' అని మెసేజ్ పెట్టాడట. 14.2 కిలోల గ్యాసు, ఇంచుమించు అంతే బరువు ఇనుము భుజాన మోసే మనిషి మెసేజ్‌లు చదువుకుంటూ నిలబడతాడా? పక్క వీధికి వెళ్లిపోయాడు. మేం రెండు రోజులు ఇండక్షన్ స్టవ్ మీద ఉప్మాలు చేసుకుని తిన్నాం.

రాత్రి నేను గట్టిగానే అరిచాను. వాడు మాత్రం తాపీగా, "తెలియని నంబరు నాన్నా. నిజంగా పనుంటే మెసేజ్ పెడతారు కదా" అన్నాడు.

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. నాకు కోపం దిగిపోయి సిగ్గేసింది. ఎందుకంటే పిల్లలకు మాట్లాడటం నేర్పడమే నా వృత్తి.

విశాఖపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆఖరి రెండేళ్ల పిల్లల్ని క్యాంపస్ ఇంటర్వ్యూలకు తయారు చేస్తాను. శని, ఆదివారాలు ద్వారకానగర్‌లో ఒక చిన్న హాల్లో క్లాసులు చెబుతాను. గ్రూప్ డిస్కషన్, మాక్ ఇంటర్వ్యూ, 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' – పద్దెనిమిదేళ్లుగా ఈ మూడింటి మీదే నా అన్నం. 2025 అక్టోబరులో గూగుల్ మన ఊళ్లో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ డేటా సెంటర్ కడతామని ప్రకటించినప్పటి నుంచి తల్లిదండ్రుల ఫోన్లు ఇంకా పెరిగాయి. అందరిదీ ఒకటే మాట. "మావాడికి తెలివుందండీ, నోరే లేదు. ఆ ఇన్‌స్టా వల్లే ఇలా అయిపోయాడు. కాస్త మాట్లాడించండి."

ఆ మాటతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఒప్పుకోని సగం ముందు చెబుతాను.

మన ఊళ్లో 'కమ్యూనికేషన్ స్కిల్స్' అంటే ఇంగ్లీషు అని అర్థం. అంతకు మించి ఏమీ కాదు. నా క్లాసులో మొదటి రోజు నోరు మెదపని నలభై మందిని "సరే, తెలుగులో చెప్పండర్రా" అంటే ముప్పై మంది మాట్లాడతారు. వాళ్ల నోరు కట్టేసింది ఇన్‌స్టాగ్రామ్ కాదు, తప్పు ఇంగ్లీషు మాట్లాడితే నవ్విన క్లాసు. అది ఫోన్లు రాకముందు నుంచీ ఉన్న జబ్బే. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా దగ్గర ఫోన్లు లేవు, నోళ్లూ లేవు. ఆ సంగతి మా తరం సౌకర్యంగా మర్చిపోయింది.

ఇక పొట్టి రాతలు, ముక్కల భాష అని ఒక ఫిర్యాదు. మా తాతగారి పాత ఉత్తరాలు ఒక కట్ట మా అమ్మ దగ్గర ఉంది. విప్పితే చిరంజీవికి చి., లక్ష్మీ సౌభాగ్యవతికి ల.సౌ., మహారాజరాజశ్రీకి మ.రా.రా.శ్రీ. – సగం కార్డు చుక్కలే. 'ఉభయకుశలోపరి' అన్న ఒక్క ముక్కతో రెండిళ్ల క్షేమసమాచారాలూ అయిపోయేవి. కార్డు మీద జాగా తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. ఆ పొట్టి రాతల వల్ల ఆయన తెలుగు చెడిపోలేదు. ఇంగ్లండ్‌లో కోవెంట్రీ విశ్వవిద్యాలయం వాళ్లు 2009లో 10 నుంచి 12 ఏళ్ల పిల్లలు 88 మందిని పరీక్షించి, మెసేజ్‌లలో పొట్టి మాటలు ఎక్కువ వాడే పిల్లలే పదాలు చదవడంలో మెరుగ్గా ఉన్నారని తేల్చారు. నాకేం ఆశ్చర్యం కలగలేదు. మాటను కుదించాలన్నా ముందు మాట తెలియాలి కదా.

అసలు ఇప్పటి పిల్లలు రాసినంత మేమెప్పుడూ రాయలేదు. పరీక్షలు తీసేస్తే నా ఇరవయ్యేళ్ల వయసులో నేను నెలకు ఒక ఇన్‌ల్యాండ్ లెటర్ రాసి ఉంటానేమో. వీళ్లు రోజుకు రెండొందల మెసేజ్‌లు రాస్తారు. అదీ మాట్లాడినట్టే రాస్తారు. 'వచ్చేసావా', 'తినీసావేటి', 'ఎక్కడున్నావ్ మావా'. వాడుక భాషలో రాయాలని జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీకాకుళం పక్కన పర్వతాలపేటలోనే. ఆయన ఈ చాట్లు చూస్తే సగం పొంగిపోయేవారు. అంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఉండటం చూసి మిగతా సగం తల పట్టుకునేవారు, అది వేరే సంగతి.

నా క్లాసులో పెదజాలరిపేట కుర్రాడొకడు ఉన్నాడు. చేపల మీద రీల్స్ చేస్తాడు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంపాట దగ్గర నిలబడి, చేప తాజాదో నిల్వదో ఎలా పోల్చుకోవాలో చెబుతాడు. "ఇలగ మొప్ప ఎత్తి సూడాల. ఎర్రగుంటే కొనాల, నల్లబడితే ఎల్లిపోవాల, అంతే." నలభై వేల మంది చూస్తారు వాణ్ని. మా చిన్నప్పుడు మన ఉత్తరాంధ్ర యాస సినిమాల్లో పనివాడికీ, అమాయకుడికీ పెట్టే యాస. హైదరాబాదు వెళ్తే 'ఏటి' అన్న మాట నోట్లోనే మింగేసేవాళ్లం. ఈ కుర్రాడు దాన్ని దర్జాగా వాడుకుంటున్నాడు. ఇది సోషల్ మీడియా ఇచ్చిందే. దాన్ని మనం కాదనకూడదు.

అయితే ఆ కుర్రాడి దగ్గరే నాకు రెండో సగం కూడా అర్థమైంది.

మాక్ ఇంటర్వ్యూలో వాడి వంతు వచ్చింది. భాష భయం లేకుండా ఉండాలని తెలుగులోనే అడిగాను. "నీకు బాగా వచ్చిన పని ఒకటి నాకు వివరించు." ఇంకేముంది, రెండు నిమిషాలు చేపల గురించి దంచేశాడు. చేతులు, కళ్లు, గొంతు అన్నీ కుదిరాయి. వెనక బెంచీలు చప్పట్లు కొట్టాయి. అప్పుడు నేను, "నాకు చేప వాసనే పడదు. నాకెందుకు ఇదంతా?" అన్నాను.

ఆగిపోయాడు. ఒక సెకను, రెండు, అయిదు. పక్కకు చూశాడు, కిందికి చూశాడు. "సారీ సార్" అని కూర్చుండిపోయాడు. క్లాసయ్యాక టీ తాగుతూ అడిగాను, ఏమైందిరా అని. "మీ లాంటోళ్లు ఇన్‌స్టాలో నాకు కనబడరు సార్" అన్నాడు. "నచ్చకపోతే పైకి తోసేసి పోతారు. ఎదురుగా కూర్చోని 'నాకెందుకు' అని అడగరు." కాసేపాగి, "ఆ రీలు పదకొండో టేకు సార్" అని కూడా అన్నాడు.

పద్దెనిమిదేళ్ల నా అనుభవం మీద ఇంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేదు.

ముఖాముఖి మాటలో పదకొండో టేకు ఉండదు, మొదటిదే ఆఖరిది. పైగా అది చాలా వేగంగా జరిగే పని. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2009లో పది భాషల్లో జనం మాట్లాడుకోవడాన్ని కొలిచారు. ఒకరు మాట ఆపి మరొకరు అందుకునే సందు సగటున సెకనులో అయిదో వంతు. అయిదో వంతు! కన్నార్పేంత. ఒక్క మాట మనసులో పుట్టి నోటిదాకా రావడానికే అంతకు రెట్టింపు పైన పడుతుంది. అంటే అవతలివాళ్లు మాట్లాడుతుండగానే వాళ్ల మాట ఎక్కడ తేలుతుందో ఊహించి, మన జవాబు లోపల వండుకుంటూ ఉంటామన్నమాట. వినడమూ మాట్లాడటమూ ఒకేసారి. దీన్ని ఏ పుస్తకమూ నేర్పదు. చిన్నప్పటి నుంచి వేల గంటలు నోరూ నోరూ కలిపితే వచ్చే విద్య. ఈతలాంటిది.

ఆ లెక్కల్లోనే ఇంకో చిన్న సంగతి ఉంది. 'అవును' అనే జవాబులు త్వరగా వస్తాయి, 'కాదు' అనేవి ఆలస్యంగా వస్తాయి. మనకు తెలిసిందే. "రేపు ఓ అయిదు వేలు సర్దగలవా?" అని అడిగితే అవతలి మనిషి నోరు తెరవకముందే ఆ సందులోనే జవాబు వినబడుతుంది. పెళ్లిచూపుల్లో, అప్పు దగ్గర, ఆసుపత్రిలో రిపోర్టు పట్టుకున్న డాక్టరు ముందు – మనం వినేది మాటను కాదు, మాటకు ముందున్న సందును.

చాట్‌లో ఆ సందు లేదు. పది నిమిషాల తర్వాత జవాబొస్తే మనసు బాలేకా, బండి నడుపుతూనా, స్నానం చేస్తూనా ఎవరికి తెలుసు? అందుకే ఆ సందుకు అర్థం చూసుకోవడం పిల్లలు మానేశారు. నేను సోషల్ మీడియాతో పెట్టుకునే తగాదా ఈ ఒక్క చోటే. మాటలు తగ్గాయని కాదు, మాటల మధ్య ఉన్నది వినే అలవాటు తప్పుతోందని.

ఇది నాకు క్లాసులో కాదు, ఇంట్లోనే గట్టిగా తగిలింది.

మా అమ్మ చోడవరం అవతల మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. రమ్మంటే రాదు. టైపు చేయడం రాదు కాబట్టి వాయిస్ మెసేజ్‌లు పంపుతుంది. ఎక్కువ మా అబ్బాయికే. ఒక్కోటి నాలుగు నిమిషాలు. కరివేపాకు చెట్టు దగ్గర మొదలై, రేషన్ షాపు మీదుగా, చచ్చిపోయిన ఎవరో పెద్దాయన పెద్దకర్మ దాకా వెళ్లి మళ్లీ కరివేపాకు చెట్టు దగ్గర ఆగుతుంది. వాట్సాప్ 2021లో వాయిస్‌ని స్పీడు పెంచుకుని వినే వెసులుబాటు ఇచ్చింది. మావాడు నానమ్మని రెండింతల స్పీడులో వింటాడు. నాలుగు నిమిషాల నానమ్మ రెండు నిమిషాల్లో అయిపోతుంది. చిలక పలుకుల్లా ఉంటుంది ఆ గొంతు. నేను తిట్టే హక్కున్నవాణ్ని కాదు. స్టూడెంట్లు పంపే వాయిస్‌లు నేనూ ఒకటిన్నరలోనే వింటాను.

ఈ వేసవిలో ఒకరోజు, "నానమ్మ ఏమందిరా?" అని అడిగాను. "ఏం లేదు నాన్నా, బానే ఉందట. ఆవకాయ పెట్టిందట" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టక వాడి ఫోన్ తీసుకుని అదే మెసేజ్ మామూలు స్పీడులో విన్నాను. "ఒరే బాబూ, నానేరా..." అని మొదలైంది. ఆవకాయ సంగతి అయింది. తర్వాత, "బానే ఉన్నాను..." అంది. అక్కడ ఒక సందు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. "కాలు కాసింత..." మళ్లీ సందు, ఈసారి పొడుగ్గా. "ఆఁ, ఏటీ లేదులే. నువ్వు అన్నం తిన్నావేటి?"

మాటలన్నీ మావాడు విన్నవే. ఒక్క అక్షరం పోలేదు. రెండింతల స్పీడులో పోయింది ఆ సందులే. పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. పెరటి మెట్టు దిగుతూ కాలు జారిందట, చీలమండ గుమ్మడికాయంత వాచి ఉంది. నాలుగు రోజులైంది. "చెప్పొచ్చు కదమ్మా" అంటే, "సెప్పానుగా, బాబుకి" అంది.

ఆవిడ నిజంగానే చెప్పింది.

2012లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఒక ప్రయోగం గుర్తొస్తుంది నాకు. ఏడున్నర నుంచి పన్నెండేళ్ల ఆడపిల్లలకు నలుగురి ముందూ లెక్కలు చేయించి టెన్షన్ పెట్టారు. తర్వాత కొందరు తల్లిని కలిశారు, కొందరు ఫోన్లో మాట్లాడారు, కొందరు మెసేజ్‌లలో మాట్లాడుకున్నారు, కొందరికి ఏదీ లేదు. కలిసినవాళ్లకూ, ఫోన్లో గొంతు విన్నవాళ్లకూ టెన్షన్ హార్మోను దిగింది. మెసేజ్ వచ్చినవాళ్ల ఒళ్లు ఎవరూ పలకరించని పిల్లల ఒంటిలాగే ఉంది. తల్లి రాసింది ఓదార్పు మాటలే కావచ్చు. ఒళ్లు వినేది మాటని కాదు, గొంతుని.

మనకో పాత సామెత ఉంది, కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని. మా అమ్మ కాలు నెలన్నరలో సర్దుకుంది కాబట్టి మొదటి సగం నిజమే. రెండో సగాన్ని వాట్సాప్ 2017లో 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' అనే బటన్‌తో కొట్టేసింది. మొదట్లో ఏడు నిమిషాల గడువిచ్చేవాళ్లు, ఇప్పుడు రెండు రోజుల పైనే. నోరు జారినా తీసుకోవచ్చు. అలా అనుకునే నేనూ బోర్లా పడ్డాను. ఊళ్లో పెరటి గోడ ఎవరు కట్టించాలన్న విషయం మీద రాత్రి పదకొండు గంటలకు ఫ్యామిలీ గ్రూపులో మా అన్నయ్యని ఒక మాట అన్నాను. నాలుగు నిమిషాల్లో తీసేశాను కూడా. తీసేసిన చోట 'ఈ మెసేజ్ తొలగించబడింది' అన్న బూడిదరంగు ముక్క మిగిలింది. ఆలోగా వదిన స్క్రీన్‌షాట్ తీసింది. పద్నాలుగు నెలలు మాకు మాటల్లేవు. అదే మాట అరుగు మీద కూర్చుని అని ఉంటే అన్నయ్య మొహం చూసి సగంలోనే మింగేసేవాణ్ని. మింగకపోయినా ఆయన ఒక్కటిచ్చేవాడు, అక్కడితో తీరిపోయేది. నాకప్పటికి నలభై నాలుగేళ్లు. కాబట్టి ఇది కుర్రాళ్ల జబ్బే అని దయచేసి నాకు చెప్పకండి.

పిల్లల పరిస్థితి ఇంకా చిక్కు. జారిన మాటను తీసుకోవచ్చు, కానీ ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోనూవచ్చు. ఆడపిల్లలకు ఈ భయం మరీ ఎక్కువ. గ్రూప్ డిస్కషన్‌లో ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయిని విడిగా అడిగాను. "నేను ఏ మెసేజ్ అయినా పంపేముందు మూడుసార్లు చదువుకుంటాను సార్, రేపు ఎవరైనా తీసి చూపిస్తే ఎలా ఉంటుందా అని. ఇక్కడ చదువుకునే టైమ్ ఉండదు" అంది. బిడియం అంటామా దాన్ని? కోర్టులో సాక్షికి ఉండే జాగ్రత్త అది. ఇరవయ్యేళ్ల పిల్లకి స్నేహితుల మధ్య కూర్చున్నప్పుడు కూడా ఆ జాగ్రత్త వదలడం లేదు.

సరే, తప్పంతా ఫోన్‌దేనా? నా మటుకు నాకు, ఫోన్ ఆలస్యంగా వచ్చిన ముద్దాయి. దానికన్నా ముందే మనం చాలా తలుపులు మూసేశాం.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీద పడిన రోజు. అప్పటికి మావాడికి ఎనిమిదేళ్లు. గాలి ఆగేసరికి కరెంటు లేదు, నీళ్లు లేవు, సెల్ టవర్లు కూలిపోయాయి. ఫోన్లు ఉత్త బిళ్లల్లా పడున్నాయి. మా వీధికి కరెంటు వచ్చేసరికి వారం దాటింది. ఆ వారం మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద జనం కూర్చుని మాట్లాడుకున్నారు. ఆరేళ్లుగా ఎదురింట్లో ఉంటున్న ఆయన పేరు నాకు తెలిసింది అప్పుడే. పాలు ఎక్కడ దొరుకుతున్నాయి, ఏ బోరు పనిచేస్తోంది, ఎవరి దగ్గర జనరేటరుంది – సమాచారమంతా నోటి మీదే నడిచింది. మావాడు చీకట్లో తెలియని ఇళ్ల తలుపులు కొట్టి అగ్గిపెట్టె అడిగి తెచ్చాడు. ఒకావిడ అగ్గిపెట్టెతో పాటు రెండు జంతికలిచ్చి, "ఎవరబ్బాయివి?" అని అడిగితే తాతల దాకా చెప్పి వచ్చాడు. నా క్లాసుల్లో ఇప్పుడున్న విశాఖ పిల్లల్ని హుద్‌హుద్ గురించి అడగండి. చెట్లు పడిపోవడం గురించి రెండు ముక్కలు చెప్పి, మెట్ల మీద అంత్యాక్షరి గురించి పది నిమిషాలు చెబుతారు.

అగ్గిపెట్టె అడిగిన ఆ నోరే పదకొండేళ్ల తర్వాత గ్యాస్ బండ అతనితో మాట్లాడలేకపోయింది. మధ్యలో ఏం జరిగింది? 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా మంచినీళ్ల ప్రాయమైంది. ఇది అందరూ చెప్పేదే. 2020లో కరోనా వచ్చింది. కొత్తవాళ్లతో మాట్లాడటం నేర్చుకోవాల్సిన పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో మావాడు గదిలో కూర్చుని ఫోన్లో పాఠాలు విన్నాడు. క్లాసు మొదలవగానే టీచరు గారు చెప్పే మొదటి మాట, "అందరూ మ్యూట్‌లో పెట్టుకోండి." తర్వాత ఇంటర్. హాస్టల్లో పడేశాం. పొద్దున్న అయిదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, మాట్లాడితే ఫ్లోర్ ఇన్‌ఛార్జి వీపు మీద చరిచేవాడు, ఆదివారం ఇంటికి పది నిమిషాలు ఫోను. ఫీజు కట్టి మరీ మేమే పంపించాం. రెండేళ్లు నోరు మూయించి, పదిహేడో ఏట బయటికి తీసి చేతిలో స్మార్ట్‌ఫోన్ పెట్టి, పందొమ్మిదో ఏట "వీడికి నోరు లేదేంటి?" అని ఆశ్చర్యపోతున్నాం. ఆ కుర్రాడికి మాట్లాడుకోవడానికి దొరికిన మొదటి జాగా ఆ ఫోనే. వాడు దాన్ని పట్టుకు వేలాడటంలో వింతేముంది?

ఇంతకీ ఆర్కే బీచ్ గోడ మీద సాయంత్రాలు కూర్చునే కుర్రకారుని చూసి 'పక్కపక్కనే కూర్చుని ఎవడి ఫోన్ వాడిదే' అంటుంటారు కదా. నేను మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని కాసేపు గమనించాను. నిజానికి వాళ్లు ఒకడి ఫోన్ ఇంకొకడికి చూపించి, దాని మీద వాదించుకుని, పడీ పడీ నవ్వుతున్నారు. తెలిసినవాళ్ల మధ్య వాళ్లకు ఏ లోటూ లేదు. మిక్చర్ బండి దగ్గరికి వెళ్లి "కారం తక్కువేయండి" అని చెప్పడానికే నువ్వెళ్లు అంటే నువ్వెళ్లు అని తోసుకున్నారు.

ఫోన్ లాగేసుకుంటే సరి అనే వాదన మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం చేసి 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తోంది. వేరే కారణాలకు అది మంచిదే కావచ్చు. కానీ ఫోన్ తీసేసిన చేతికి పక్కింటి తలుపు కొట్టడం ఎవరు నేర్పుతారు?

నేను నా క్లాసులో ఒక చిన్న మార్పు చేశాను. మొదటి రెండు వారాలు ఇంగ్లీషు లేదు, 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' లేదు. ఒక్కొక్కరు అందరి ముందూ నిలబడి, స్పీకర్ ఆన్ చేసి, తెలియని మనిషికి ఫోన్ చేయాలి. టైలరు, టిఫిన్ సెంటరు, సైకిల్ షాపు ఎవరైనా సరే, క్లాసులో అందరూ వింటున్నారని ముందే చెప్పాలి. మూడు ప్రశ్నలు అడగాలి. మూడోది మాత్రం ముందు అనుకున్నది కాకుండా, అవతలివాళ్ల జవాబులోంచి పుట్టాలి.

మొదటి వారం చూడాలి ఆ చెమటలు! కోడింగ్ పోటీల్లో గెలిచిన కుర్రాడు నంబరు నొక్కి, "హలో" అని వినగానే కట్ చేసేశాడు. స్క్రీన్‌షాట్‌లకు భయపడే ఆ అమ్మాయి పూర్ణా మార్కెట్లో పూజా సామాను కొట్టుకి చేసి ఇత్తడి కుందుల ధర అడిగింది. కొట్టాయన ధర చెప్పకుండా, "ఎవరికమ్మా, పెళ్లికా?" అన్నాడు. అనుకోని ప్రశ్న. అమ్మాయి నావైపు చూసింది. నేను సీలింగు వైపు చూశాను. అయిదారు సెకన్లు. "కాదండీ, మాట్లాడటం నేర్చుకోడానికి" అంది. క్లాసంతా గొల్లుమంది. అవతల ఆయనా నవ్వాడు. "మాట్లాడటం మా కొట్లో ఉచితం తల్లీ, కుందులకే డబ్బులు" అన్నాడు. ఆ తర్వాత ఆ పిల్ల ఆయన్ని ఎనిమిది నిమిషాలు వదల్లేదు. కొట్టు ఎన్నేళ్లదో, నవరాత్రులకు బేరం ఎలా ఉంటుందో అన్నీ రాబట్టింది.

అందరూ అలా విప్పారిపోయారని చెబితే అబద్ధం. ఆరు వారాలైనా ఇద్దరు ముగ్గురు ఫోన్ పట్టుకోలేకపోయారు. ఇంకో తమాషా ఏమిటంటే, కంపెనీలే ఇప్పుడు మొదటి రౌండు మనిషి లేకుండా పెడుతున్నాయి. తెర మీద ప్రశ్న కనబడుతుంది, కెమెరా చూసి జవాబు చెప్పి రికార్డు చేయాలి. అందులో మా జాలరిపేట కుర్రాడు అందరికన్నా ముందు పాసయ్యాడు. "ఇది రీలే కదా సార్" అని కన్ను కొట్టాడు. నా పాఠం అంతా గాలికిపోయినట్టనిపించింది ఆ పూట. తర్వాతి రౌండులో ఎదురుగా మనిషే కూర్చుంటాడని మాత్రం గుర్తు చేశాను.

ఇంటి సంగతికొస్తే, మా అమ్మ కాలు చూసి వచ్చాక మావాణ్ని నేనేమీ అనలేదు. మెసేజ్ మామూలు స్పీడులో పెట్టి వినిపించానంతే. వాడు మొత్తం విన్నాడు. లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. ఆ ఆదివారం భోజనాలయ్యాక నా ఎదురుగా కూర్చుని, స్పీకర్ ఆన్ చేసి నానమ్మకి ఫోన్ చేశాడు. మెసేజ్ కాదు, ఫోను. మూడు రింగుల తర్వాత ఎత్తింది.

"ఏటిరా! ఏటయింది? మీ నాన్న బాగున్నాడా?"

"బాగున్నారు నానమ్మా."

"మీ అమ్మ?"

"అమ్మా బాగుంది. ఊరికే చేశాను."

అటువైపు సందు. "ఊరికే ఎవులు సేస్తార్రా ఫోను? నిజం సెప్పు. మీ నాన్నకియ్యి."

వాడు ఫోన్ నావైపు చాచాడు. నేను తీసుకోలేదు, కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "నానమ్మా, కాలెలా ఉంది?" అన్నాడు. మళ్లీ సందు. వాడు ఆగాడు. "అదా... ఆరోజు ఏటయిందంటే" అని ఆవిడ మొదలుపెట్టింది. కరివేపాకు చెట్టు దగ్గర నుంచి. నలభై నిమిషాలైంది. మధ్యలో వాడి ఫోన్ ఛార్జింగ్ అయిపోతే వచ్చి నా ఫోన్ పట్టుకెళ్లాడు.